తెల్లవారుజామున కదలని బండి



గడచిన పుష్యమాసములో కూరగాయల మళ్ళు చూచుటకు లంబసింగి దాపుననున్న ఒక గూడెమునకు పోయి, పొద్దుపోవుటచే ఆ రాత్రి అచ్చటనే ఉండిపోతిని. తెల్లవారుజామున నాలుగు గంటలకు బండి శబ్దమునకు మెలకువ వచ్చినది. బండి కదలిన శబ్దము కాదు, కదలలేక మూలిగిన శబ్దము. పికప్ వ్యాను నిండ క్యాబేజీ బస్తాలు, చిక్కుడుకాయల మూటలు. ఘాటు దిగి ఆరు గంటలకెల్ల నర్సీపట్నము చేరవలసిన సరుకు. యజమాని సెల్ఫ్ కొట్టుచున్నాడు. ఇంజను రెండు చుట్లు బరువుగా తిరిగి ఆగిపోవుచున్నది. ముగ్గురు కలసి తోసిరి, లాభము లేకపోయెను. అంతలో ఒక పెద్దాయన గడ్డి చుట్ట తెచ్చి ఇంజను క్రింద మంట పెట్టినాడు. నేను పరుగెత్తి దానిని ఆర్పించితిని. ఆయన నాపై కోపగించినాడు.

ఎండ పొడ వచ్చిన తరువాత, ఎనిమిదిన్నరకు బండి కదలినది. అప్పటికి టోకు వ్యాపారులు తమ కొనుగోళ్ళు ముగించుకొని పోయినారు. ఉదయపు ధరలో సగమునకు సరుకు అమ్మి, సాయంత్రము ఆ రైతు తిరిగివచ్చినాడు. మూడు నెలలు నీరు కట్టి, పురుగును ఏరి పెంచిన పంట అది. దాని లాభము పొలములో పోలేదు, ఇంటి ముంగిట నిలిచిన బండిలో పోయినది.

“ఈ సలికి మనిసే లెగలేకపోతుంటే బండేటి లెగుత్తాది బాబూ?” అన్నాడాయన. ఆ మాటను నేను మన్యములో పది గ్రామములలో విన్నాను. ఆదిలాబాదు వైపు పనిచేయు నా మిత్రులు కూడ అచ్చట ఇదే మాట వినుచున్నామని చెప్పుదురు. ఈ అభిప్రాయముతో నేను ఏకీభవించను. మన ప్రాంతపు చలికి బండి కదలకపోయినచో తప్పులో పావు భాగము మాత్రమే చలిది, తక్కిన ముప్పాతిక మనది. నేను చదివినది వ్యవసాయశాస్త్రము. ఇంజన్ల విద్య కళాశాలలో చెప్పిన పాఠములవరకే నాకు పరిచయము. ఐనను ఇక్కడ చెప్పునదంతయు పానా, చిన్న మీటరు చేతబట్టి ఏ రైతైనను సరిచూచుకొనదగినదే.

లడఖ్ సంగతి తీసికొనుడు. అచ్చట చలికాలపు రాత్రులలో నీరు గడ్డకట్టు స్థాయికి ఇరువది డిగ్రీలకు పైగా దిగువకు పోవును. పూర్వము అచ్చటివారు డీజిలులో కిరోసిను కలిపి తంటాలు పడెడివారు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ ఆ ప్రాంతము కొరకే, సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పారు డీజిలును విడుదల చేసినది. అంతటి చలిలో కూడ అచ్చట లారీలు నడచుచున్నవి. మన లంబసింగి, చింతపల్లి, అరకులలో చలి ఎంత ముదిరినను అందులో నాలుగవ వంతు కూడ ఉండదు.

డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజనువలె నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని సుమారు 16వ వంతునకు అణచినపుడు అది 500 డిగ్రీలకు పైగా వేడెక్కును. ఆ వేడిలో చిమ్మిన డీజిలు తానే అంటుకొనును. ఇంజను నెమ్మదిగా తిరిగినచో గాలి అణగుచుండగనే దాని వేడి చల్లని ఇనుములోనికి జారిపోవును, కొంత గాలి రింగుల సందున తప్పించుకొనును. నిమిషమునకు 150, 200 చుట్లయినను తిరుగనిదే సామాన్యముగా ఇంజను అందుకొనదు. కనుక వేగము, వేడి, డీజిలు, ఈ మూడింటిలో ఏది కొరవడినదో కనిపెట్టుటయే పని. కనిపెట్టుటకు చెవి, కన్ను చాలును.

తాళము త్రిప్పి వినుడు. ఇంజను బరువుగా తిరిగినను, ‘టిక్కు’మని ఊరకున్నను లోపము బ్యాటరీలోనో, తీగలలోనో, సెల్ఫ్ మోటారులోనో ఉండును. ఇంజను చురుకుగా తిరుగుచుండి అందుకొనకున్నచో ఒకరిని వెనుకకు పంపి సైలెన్సరు చూడమనుడు. తెల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు అందుచున్నది, అంటుకొనుటలేదు, వేడి చాలలేదన్నమాట. పొగయే లేనిచో డీజిలే అందుటలేదు. ఈ మూడు గుర్తులు తెలిసినవాడు మెకానిక్కు దగ్గరకు పోయినను మోసపోడు. మెకానిక్కులందరు మోసగాండ్రని నా భావము కాదు. కాని ఎదుటివానికి ఏమియు తెలియదని తెలిసిన తరువాత అన్నియు మార్చివేయుట వానికి సులభము.

ముందుగా బ్యాటరీ. దీనిని గూర్చి మనలో ఒక పెద్ద పొరపాటు కలదు. బ్యాటరీ చలికి చచ్చునని అనుకొనుచున్నాము. నిజమునకు అది చచ్చునది రోహిణి కార్తెలో. మనకు తెలియునది పుష్యమాసములో. వేసవి వేడికి బ్యాటరీలోని నీరు ఆవిరియగును, పలకలు చెడును. అప్పుడు ఇంజను వెచ్చగా, నూనె పలుచగా నుండుటచే మిగిలిన కొద్ది బలముతోనే బండి కదలుచుండును. చలి వచ్చుసరికి నూనె చిక్కబడి ఇంజను బరువెక్కును. బ్యాటరీలోని రసాయన క్రియ మందగించి, నీరు గడ్డకట్టు చలిలో దాని బలము సుమారు మూడవ వంతు తగ్గును. అంతవరకు దాగియున్న రోగము ఆనాడు బయటపడును.

రాత్రి యంతయు నిలిపిన బండికి తెల్లవారి తాళము త్రిప్పకముందు మల్టీమీటరు పెట్టి చూడుడు. 12.6 ఓల్టులున్న నిండు బ్యాటరీ, 12.2 ఉన్న సగము. 12 కంటె తగ్గిన దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టుచుండగా 9.6 కంటె దిగజారినచో, ముందు దానిని బాగుగా చార్జి చేయించి మరల చూడుడు. అప్పటికిని దిగజారిన, దాని ఆయువు తీరినది. ఇంజను నడచుచుండగా సాధారణముగా 13.5, 14.5ల నడుమ ఉండవలెను. లేనిచో ఆల్టర్నేటరు, దాని బెల్టు చూపించుడు. మూతలు తీయదగిన బ్యాటరీయైనచో పలకలు మునుగునంతవరకు డిస్టిల్డ్ వాటరు పోయవలెను. బోరునీరు పోయువారిని ఈ కన్నులతో చూచితిని. అది బ్యాటరీకి విషము. ఇక ఊరిలో రెండు కిలోమీటర్లు తిరిగి, రాత్రి పాటలు వినుచు, రంగుదీపములు వెలిగించుకొను బండికి బ్యాటరీ ఎప్పటికిని నిండదు. పెండ్లి ఊరేగింపులకు పోయివచ్చిన మరునాడు బండి మొరాయించుటకు చలి కారణము కానేకాదు.

తరువాత తీగల సంగతి. ఇది చాలమంది మెకానిక్కులు సైతము దాటిపోవు చోటు గనుక కొంచెము నిదానముగా చెప్పెదను. “దీపాలు ధగధగా వెలుగుతున్నాయి గనుక కరెంటుకు లోటు లేదు” అనుట సరికాదు. దీపములకు కావలసినది పది ఆంపియర్లు. సెల్ఫ్ మోటారుకు 200కు పైగా కావలెను. తీగ చివర త్రుప్పు పట్టి, ఓము అను కొలతలో నూరవ వంతు అడ్డు ఏర్పడినదనుకొనుడు. పది ఆంపియర్లకు అచ్చట పోవునది ఓల్టులో పదవ వంతు మాత్రమే. దీపమునకు తెలియనే తెలియదు. అదే అడ్డు 200 ఆంపియర్లకు రెండు ఓల్టులను మ్రింగివేయును. కాలువ గండిలో చెత్త చిక్కినపుడు సన్నని ధార ఎప్పటివలెనే పారును గాని వరిమడికి కావలసిన నీరు దాటిరాదు. ఇదియు అంతే.

కనుక బ్యాటరీ తలలపై తెల్లగానో పచ్చగానో పూచిన బూజును నెలకొకసారి వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, బిగించి, పైన వాజలైను పూయుడు. విప్పునపుడు ముందు నల్లతీగ, బిగించునపుడు చివర నల్లతీగ. అంతటితో పని పూర్తి కాలేదు. బ్యాటరీ నల్లతీగ ఛాసిస్‌కు పోవును. ఛాసిస్ నుండి ఇంజనుకో గేరుపెట్టెకో మరియొక ఎర్తు పట్టీ ఉండును. బండి క్రింద, బురద తగులుచు, ఎవరి కంటికిని కనబడక అది త్రుప్పుపట్టును. దానిని పరీక్షించు ఉపాయము ఒకటి కలదు. జంపు కేబులొకటి తీసికొని, ఒక కొన బ్యాటరీ నల్లతలకు, రెండవ కొన ఇంజను మీది రంగులేని ఇనుమునకు తగిలించి సెల్ఫ్ కొట్టుడు. అంతవరకు మూలిగిన ఇంజను చురుకుగా తిరిగినచో దోషము ఎర్తులోనే ఉన్నది.

ఇక వేడి. డ్రైవర్లు హీటరు ప్లగ్గులనునవి సిలిండరునకొకటి చొప్పున ఉండి, కొన్ని సెకనులలో ఎర్రగా కాలి, మొదటి చుట్టునకు కావలసిన వేడినిచ్చును. తాళమును ఒక మెట్టు త్రిప్పగనే పలకమీద చుట్టవంటి గుర్తు వెలుగును. అది ఆరువరకు ఆగి సెల్ఫ్ కొట్టవలెను. మనవారిలో ఆగువారు అరుదు. గట్టి చలిలో రెండుసార్లు వెలిగించి ఆర్పి, మూడవసారి కొట్టిన మరియు మేలు. ప్లగ్గుకు తగిలించిన తీగ విప్పి, మీటరుతో చూచిన ఒక ఓము గాని అంతకు తక్కువ గాని చూపవలెను. ఏమియు చూపనిది తెగిపోయిన ప్లగ్గు. అన్నియు ఒక్కసారి పనిచేయకున్నచో ప్లగ్గులను నిందింపక ఫ్యూజును, రిలేను చూడుడు. పాతబడిన ప్లగ్గును చల్లని ఇంజనులో బలవంతముగా విప్పిన లోపలనే విరుగును. ఇంజను వెచ్చగా నున్నపుడు తెలిసినవానిచే తీయించుడు. కొన్ని ఇంజన్లకు ఇవి ఉండవు, కొన్నిటికి మన చలిలో వీని అవసరము అంతగా కలుగదు. బండితో వచ్చిన పుస్తకమును ట్రంకుపెట్టెలోనుండి తీసి ఒకసారి చదువుడు.

డీజిలు విషయములో మాత్రము చలికి దాని పావు భాగము ఇవ్వవలసియున్నది. డీజిలులో మైనమువంటి పదార్థము కలదు. చలికి అది తేలి ఫిల్టరును అడ్డును. మన దేశపు ప్రమాణముల ప్రకారము నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అమ్ము డీజిలు 6 డిగ్రీల వరకు ఫిల్టరును అడ్డుకొనరాదు. వేసవి డీజిలుకు ఆ హద్దు 18 డిగ్రీలు. దీనినిబట్టి దసరాకు ముందు డ్రమ్ములలో నిలువచేసిన డీజిలును పుష్యమాసములో వాడుట ఎంత తెలివితక్కువయో మీరే ఆలోచింపుడు. బండి అందుకొని నాలుగు నిమిషములు నడచి ఆగిపోయి, ఎండ వచ్చిన తరువాత దానంతట అది బాగుపడినచో ఈ మైనమును అనుమానింపవచ్చును. వేడినీట ముంచి పిండిన గుడ్డను ఫిల్టరునకు చుట్టి కాసేపు ఉంచిన చాలును. కిరోసిను కలుపవద్దు. నేటి ఇంజన్లలో పంపునకు, ఇంజెక్టర్లకు కావలసిన జిడ్డు డీజిలుదే. కిరోసినుకు అది లేదు. పంపు మార్పించుటకగు ఖర్చుతో ఒక పాడిగేదె వచ్చును.

మైనము కంటె మనకు ఎక్కువ శత్రువు నీరు. సగము ఖాళీయైన ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరై గోడలకు పట్టి క్రిందికి దిగును. కనుక డీజిలును తెల్లవారి కాక సాయంకాలమే నింపించుడు. ఫిల్టరు అడుగున నీరు విడుచు మర కలదు. వారమునకొకసారి గాజు సీసాలోనికి కొద్దిగా వదలి చూచిన నీరు అడుగున, డీజిలు పైన తేటగా కనబడును. మైనము, నీరు రెండును లేక, ప్రతి ఉదయము చాలసేపు కొట్టినగాని అందుకొనకున్నచో, పాత రబ్బరు గొట్టము పగిలి రాత్రివేళ ఎయిర్ పట్టుచున్నదేమో చూపించుడు. గొట్టము చెమర్చినట్లుండుటయే దాని గుర్తు.

ఇంజను నూనె గూర్చి ఒక్క మాట. డబ్బాపై 15డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 అని వ్రాసియుండును. ముందున్న అంకె ఎంత తక్కువైన ఆ నూనె చలిలో అంత సులువుగా పారును. పుస్తకము ఏది వాడమన్నదో అదియే వాడుడు. చౌకయని చిక్కని నూనె పోయవద్దు. ఇవన్నియు సరిగా నుండి కూడ తెల్లపొగ చిమ్ముచు మొరాయించు బండికి రింగులో వాల్వులో అరిగియుండును. దానికి ఇంటివైద్యము లేదు.

చేయదగినవి చెప్పితిని. ప్రాణము మీదకు తెచ్చు పనులను గూర్చి చెప్పకున్నచో నా ఉద్యోగధర్మము నెరవేర్చినవాడను కాను. ఇంజను క్రింద మంట పెట్టవద్దు. చెమర్చిన ఒక్క డీజిలు గొట్టము చాలును, బండియు సరుకును బూడిదయగుటకు. ఈథరు డబ్బా తెచ్చి గాలి గొట్టములోనికి కొట్టు అలవాటు కొందరికున్నది. హీటరు ప్లగ్గులున్న ఇంజనులో అది ప్రేలి పిస్టనును పగులగొట్టును. పాత ట్రాక్టరుకు ఇంజెక్టరు గొట్టపు నట్టు వదులుచేసి ఎయిర్ తీసినట్లు కొత్త పికప్‌కు తీయబోవద్దు. ఈ కామన్ రైలు ఇంజన్లలో డీజిలు వేయి వాయుభారములకు మించిన ఒత్తిడితో ఉండును. సూదివలె వెలువడిన ఆ ధార చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. చేయి కోల్పోవలసిన గాయము అది. చిన్న పుండుగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మన్యములో మరొక అలవాటు కలదు. తెల్లవారి కదలదను భయముతో బండిని పల్లమున నిలిపి, జారవిడిచి గేరు వేసి అందుకొనజేయుట. ఇంజను నడువనిదే బ్రేకులకు సాయమిచ్చు బూస్టరు పనిచేయదు, స్టీరింగు మొద్దుబారును. చీకటిలో, మంచులో, నిండు బరువుతో ఘాటు రోడ్డున అది ఎట్టి సాహసమో చెప్పనవసరము లేదు.

ప్రక్కబండి నుండి కరెంటు తెచ్చుకొనుట మంచిపనియే, కాని వరుస తప్పరాదు. ఎర్రకేబులు ముందు చచ్చిన బ్యాటరీకి, తరువాత మంచిదానికి. నల్లకేబులు ముందు మంచిదానికి, చివరకు మీ బండి ఇంజను ఇనుమునకు, బ్యాటరీకి దూరముగా. తీయునపుడు దీనికి ఎదురువరుస. బ్యాటరీ దగ్గర మండు వాయువు ఉండును గనుక బీడీలు ఆర్పవలెను. 24 ఓల్టుల లారీనుండి 12 ఓల్టుల పికప్‌కు తగిలింపరాదు. సెల్ఫ్‌ను పదిపదిహేను సెకనులకు మించి ఒక్కబిగిన కొట్టక, నడుమ ఒక నిమిషము ఆగవలెను. లేనిచో ఉన్న బ్యాటరీతోబాటు సెల్ఫ్ మోటారు కూడ పోవును.

గ్రామోద్యోగులకు, నా తోడి అధికారులకు ఒక విన్నపము. నాగలి, ట్రాక్టరు, స్ప్రేయరు వీనినే మనము వ్యవసాయపు పనిముట్లుగా ఎంచుచున్నాము. పంటను సంతకు చేర్చు బండిని డ్రైవరు సొంత గొడవగా వదలివేసితిమి. చేనిలో పది బస్తాలు తడిసిన మనము పోయి చూచి వ్రాసికొందుము; బండి కదలక పది బస్తాలు సగము ధరకు పోయిన ఏ పుస్తకములోను ఎక్కదు. ఇది సరికాదని నా అభిప్రాయము. నేనును ఇన్నేండ్లలో రైతు శిక్షణలలో దీనికి ఒక్క గంటయైనను కేటాయింపలేదు. రైతు సేవా కేంద్రములో ఒక మల్టీమీటరు, ఒక జత జంపు కేబుళ్ళు, బ్యాటరీ ద్రవమును కొలుచు హైడ్రోమీటరొకటి ఉంచుట పెద్ద ఖర్చు కాదు. వానిని వాడుట ఊరిలో ఇద్దరు యువకులకు నేర్పిన చాలును.

దినము వెదుకనక్కరలేదు. ఆయుధపూజనాడు బండిని కడిగి, బొట్టుపెట్టి, దండవేసి, చక్రము క్రింద నిమ్మకాయ పెట్టుచున్నాము. ఆ ఉదయమే బానెట్ ఎత్తి బ్యాటరీ కొలిచి, తీగలు తుడిచి, ఫిల్టరునీరు వదలి, తరువాత కుంకుమ పెట్టుడు. దసరా చలికాలమునకు ముందే వచ్చును గనుక దోషమున్నచో బాగుచేయించుటకు వ్యవధి యుండును. “నా బండికి ఏ లోటు లేదు, నిరుడు కూడ బాగానే లేచింది” అనువారున్నారు. నిరుడు లేచుట ఈ ఏటికి హామీ కాదు.

ఆ గూడెపు రైతు సంగతి ముగింపవలసియున్నది. ఆయన అప్పటికే రెండేండ్లలో రెండు కొత్త బ్యాటరీలు కొనియున్నాడు. కొన్నప్పుడెల్ల కొన్ని దినములు బండి లేచుట, మరల మొరాయించుట. మరునాటి తెల్లవారుజామున పొరుగుబండి కేబులు తెప్పించి, బ్యాటరీ నల్లతలకును ఇంజనుకును తగిలించి, కొట్టమంటిని. మొదటి విడతకే ఇంజను అందుకొన్నది. నిన్న గడ్డి మంట పెట్టిన పెద్దాయన అచ్చటనే నిలుచుండి, ఏమియు అనక చుట్ట వెలిగించుకొన్నాడు. క్రిందికి దూరి చూడగా ఎర్తు పట్టీ నాలుగు పోగులమీద వ్రేలాడుచున్నది. కొత్త పట్టీ వెల ఒక నాటుకోడి వెల. మొదటి బ్యాటరీని దుకాణదారు పాతసామాను ధరకు అడిగినను ఇవ్వక ఆయన ఇంటనే ఉంచుకొనియుండెను. కొలిచిచూడగా దానిలో ఇంకను బలమున్నది. “మరి దీన్నేటి సెయ్యమంటారు బాబూ?” అన్నాడు. ఇప్పుడది చేని గట్టున మంచెమీద నున్నది. పగలు సోలారు పలకతో నిండి, రాత్రి అడవిపందుల కాపలాకు దీపము వెలిగించుచున్నది.